హైదరాబాద్ నుంచి విశాఖకు విమానం: 511 కిలోమీటర్ల దారి, ఇల్లు చేరడానికి పట్టే సమయం

గత మూడేళ్లలో హైదరాబాద్, విశాఖపట్నం మధ్య నేను రానూపోనూ కలిపి ఇరవై రెండు సార్లు విమానంలో ప్రయాణించాను. విశాఖలో ఉన్న అమ్మను పండక్కో, కంటి పరీక్షకో, ఒంట్లో నలతగా ఉందని తెలిసినప్పుడో వెళ్లి చూసి రావడమే ఈ ప్రయాణాలన్నిటికీ కారణం. మొదటి రెండు సార్లు వేళల అంచనా తప్పి ఆమెను రాత్రి భోజనం చేయకుండా కూర్చోబెట్టాను. ఆ తరువాత నుంచి ఇంటికి తాళం వేసిన క్షణం మొదలుకొని అమ్మ గుమ్మంలో చెప్పులు విడిచే వరకు ప్రతి దశనూ ఒక చిన్న పుస్తకంలో రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఈ సమీక్షకు ఆధారం ఆ పుస్తకమే. ఇందులో ఏ ఒక్క విమానయాన సంస్థనూ తూకం వేయడం లేదు. ఈ దారిలో విమాన ప్రయాణం అనే సేవ ఎంత సమయాన్ని నిజంగా ఆదా చేస్తుంది, ఏ వేళల్లో చేయదు అన్నదే నేను చెప్పదలచుకున్నది.

ముందుగా దూరం సంగతి. అంతర్జాలంలో రెండు ఊళ్ల పేర్లు ఇస్తే విమాన దూరం చెప్పే సైట్లు చాలా ఉన్నాయి. హైదరాబాద్, విశాఖపట్నం అని ఇచ్చినప్పుడు ఒకటి 503 కిలోమీటర్లని, ఇంకొకటి 511 అని, వేరొకటి 512 అని చెప్పడం చూసి, వీటిలో ఏది నమ్మాలో తెలియక నేనే లెక్క వేసుకున్నాను. శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖ విమానాశ్రయం 17.72, 83.22 డిగ్రీల దగ్గర ఉంది. భూమిని నిండు గోళంగా భావించి ఈ రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం కడితే 511 కిలోమీటర్లు వస్తుంది. ధ్రువాల దగ్గర భూమి కొద్దిగా నొక్కుకొని ఉండటాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే అది 512కు పెరుగుతుంది. విమానాశ్రయాలను వదిలి నగరాల నడిబొడ్డులను తీసుకుంటే 503 వస్తుంది. అంటే మూడు సైట్లూ సరిగానే చెబుతున్నాయి, కాకపోతే ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచామో చెప్పడం లేదు. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే చూసేవారికి ఎంతో మేలు జరిగేది.

ఈ సరళరేఖను పటం మీద గీసి చూడటం నాకు చాలా ఇష్టమైన పని. శంషాబాద్ నుంచి బయలుదేరిన గీత సూర్యాపేటకు ఉత్తరంగా సాగి, ఖమ్మం పట్టణాన్ని కొద్ది దూరంలో కుడి చేతి వైపు వదిలి, కొత్తగూడేనికి దక్షిణంగా పోయి, పాపికొండల ప్రాంతంలో గోదావరిని దాటుతుంది. అక్కడి నుంచి రంపచోడవరం మన్యం మీదుగా వెళ్లి, నర్సీపట్నానికి కాస్త ముందు 82.5 డిగ్రీల రేఖాంశాన్ని, అంటే దేశమంతటి గడియారాలకు ప్రమాణమైన రేఖను దాటి, అనకాపల్లి పక్కగా విశాఖ చేరుతుంది. విమానం అచ్చంగా ఈ గీత మీదనే ఎగరదు. దానికి నిర్దేశించిన గగన మార్గాలు వేరుగా ఉంటాయి. అయినా గోదావరి కొండల నడుమ సన్నబడి మెలికలు తిరిగే చోటును కిటికీలోంచి నేను చాలా సార్లు చూశాను. రైలుకు గాని కారుకు గాని ఈ దారి లేదు. మధ్యలో కొండలు, అడవి ఉండటం వల్ల రెండూ సాధారణంగా దక్షిణానికి దిగి, విజయవాడ చుట్టి, కృష్ణా గోదావరి డెల్టాల అంచున మళ్లీ ఈశాన్యంగా ఎక్కుతాయి. అందుకే రైలు దారి దాదాపు 700 కిలోమీటర్లు, రోడ్డు దారి సుమారు 625 కిలోమీటర్లు అయ్యాయి. ఈ మార్గంలో విమానం గెలిచేది వేగం వల్ల మాత్రమే కాదు, కొండలకు అడ్డంగా పోగలగడం వల్ల కూడా.

ఇక సమయం. దూరాన్ని సరిగా చెప్పిన సైట్లు సమయం దగ్గరికి వచ్చేసరికి నన్ను నిరాశపరిచాయి. వాటిలో కొన్ని అనుసరించే పద్ధతి చాలా సులువైనది: దూరాన్ని గంటకు 805 కిలోమీటర్ల వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అని ఒక అరగంట కలుపుతాయి. అలా చేస్తే మన దారికి ఒక గంట ఎనిమిది నిమిషాలు వస్తుంది. వినడానికి సబబుగానే ఉన్నా, ఇది చక్రాలు నేలను విడిచినప్పటి నుంచి తిరిగి తాకే వరకు పట్టే సమయమా, ద్వారం మూసినప్పటి నుంచి తెరిచే వరకు పట్టే సమయమా అన్నది ఆ సైట్లు చెప్పవు. నా పుస్తకంలో జెట్ విమానాలకు గాలిలో ఉన్న సమయం చాలా సార్లు 50 నుంచి 60 నిమిషాల మధ్య ఉంది. టికెట్ మీద ముద్రించి ఉండేది మాత్రం గంటా పావుకు అటూ ఇటూగా ఉంటుంది. విమానయానంలో పనిచేసేవారు దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. విమానం గేటు దగ్గర కదిలింది మొదలు, గమ్యంలో నిలిచిపోయే వరకు గడిచే సమయమన్నమాట. రన్‌వే వరకు పాకే సమయం, అక్కడ వరసలో నిలిచే సమయం, దిగిన తరువాత నిలిపే చోటికి చేరే సమయం అన్నీ అందులోకి వస్తాయి. ప్రయాణికుడు చూడవలసిన అంకె ఇదే.

గంటకు 800 కిలోమీటర్లకు పైగా పోగల విమానానికి 511 కిలోమీటర్లు దాటడానికి గాలిలోనే 55 నిమిషాలు ఎందుకు కావాలన్న సందేహం సహజం. లెక్క కడితే సగటు వేగం గంటకు 560 కిలోమీటర్లు కూడా లేదు. కారణం దూరం చిన్నది కావడమే. సుమారు 33,000 అడుగుల ఎత్తుకు ఎక్కడానికి జెట్ విమానానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. దిగేటప్పుడు ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు (ఒక్కొక్కటి సుమారు 1.85 కిలోమీటర్లు) చొప్పున దూరం కావాలన్నది పైలట్లు చేతివేళ్ల మీద కట్టుకునే లెక్క. ఆ ప్రకారం అంత ఎత్తు నుంచి దిగడం గమ్యానికి ఇంకా 180 కిలోమీటర్లకు పైగా దూరం ఉండగానే మొదలుకావాలి. ఎక్కే దూరం, దిగే దూరం పోగా పూర్తి వేగంతో సమతలంగా ఎగరడానికి మిగిలేది కొద్ది నిమిషాలే. సీటు బెల్టు దీపం ఆరిన కాసేపటికే మళ్లీ వెలగడం, మంచినీళ్ల బండి సగం వరసల దగ్గరే వెనక్కి మళ్లడం ఈ దారిలో తరచూ జరగడానికి ఇదే కారణం. సిబ్బందిని తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు. ఉన్న ఆ కొద్ది సమయంలోనే పెద్దవారిని, చంటిపిల్లల తల్లులను ముందుగా పలకరించిన సిబ్బందిని నేను చాలా సార్లు చూశాను.

రెండు చివర్లలో రన్‌వే దిశ కూడా నిమిషాలను మారుస్తుంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. విమానం గాలికి ఎదురుగా లేస్తుంది కనుక, నేల దగ్గర పడమటి గాలులు వీచే వానాకాలంలో విశాఖ విమానం తరచుగా పడమటికి లేచి, ఆ తరువాత చుట్టు తిరిగి తూర్పు పట్టుకుంటుంది. విశాఖలో అయితే చాలా సార్లు విమానం నేరుగా వచ్చి దిగదు. ఊరు దాటి సముద్రం మీదికి వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి, నీటి వైపు నుంచి పడమటి ముఖంగా రన్‌వే మీదికి వస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ, ఓడరేవు, వరసగా లంగరు వేసిన ఓడలు అప్పుడే కనిపిస్తాయి. చూడటానికి అంత అందమైన మలుపు మన రెండు రాష్ట్రాల విమాన దారుల్లో ఇంకొకటి లేదని నా అభిప్రాయం. దాని ఖరీదు ఓ ఐదారు నిమిషాలు, దానికి నేను ఎన్నడూ విచారించలేదు.

రాకకూ పోకకూ మధ్య తేడా వస్తుందా అని చాలామంది అడుగుతారు. వస్తుంది, కాని ఇంత చిన్న దారిలో అది కొన్ని నిమిషాలకు మించదు. చలికాలంలో పై ఎత్తుల్లో పడమటి గాలులు ఉంటాయి కనుక విశాఖకు వెళ్లే విమానానికి వెనుక నుంచి సాయం దొరుకుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఇది తిరగబడుతుంది. దక్షిణ భారతదేశం మీద 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తులో తూర్పు నుంచి పడమటికి ఒక గాలి నది ప్రవహిస్తుంది. ఈ ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహాన్ని 1958లో తన పరిశోధన పత్రం ద్వారా ప్రపంచానికి తెలియజేసినవారు భారత వాతావరణ శాఖకు అధిపతిగా కూడా పనిచేసిన మన తెలుగు శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం. మన విమానాలు అంత ఎత్తుకు పోకపోయినా దాని కింది అంచుల గాలి వాటికి తగులుతుంది. అందుకే నా పుస్తకంలో జూలై నెల తిరుగు ప్రయాణాలు వెళ్లినప్పటి కంటే కాస్త తక్కువ సమయంలో ముగిశాయి. ఆ పేజీ తిప్పిన ప్రతిసారీ ఆయనకు మనసులో నమస్కరించుకుంటాను.

టికెట్ కొనేటప్పుడు చూడవలసిన ఇంకొక వివరం విమానం రకం. ఈ దారిలో జెట్‌లతో పాటు రెక్కల పంకాలతో నడిచే ఏటీఆర్ విమానంలోనూ నేను ప్రయాణించాను. ఏటీఆర్ 72 గంటకు సుమారు 510 కిలోమీటర్ల వేగంతో పోతుంది, కనుక బ్లాక్ టైమ్ మరో పావుగంట, ఇరవై నిమిషాలు పెరుగుతుంది. చప్పుడు ఎక్కువ, సామాను అర చిన్నది, బస్సులో తీసుకువెళ్లి వెనుక ద్వారం మెట్ల మీదుగా ఎక్కిస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో వెళ్తున్నట్లయితే దీన్ని తప్పించమంటాను. ఒంటరిగా, తేలికపాటి సంచితో, పగటి పూట వెళ్తున్నవారికి మాత్రం దీన్నే సిఫారసు చేస్తాను. తక్కువ ఎత్తులో ఎగురుతుంది కనుక మన్యం కొండలు, చెరువులు, పొలం గట్లు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

ఇంతవరకు చెప్పినదంతా గాలిలో సంగతి. ప్రయాణంలో ఎక్కువ భాగం గడిచేది నేల మీద. నేను ఉండేది సికింద్రాబాద్ వైపు. ఒక మామూలు రోజున ఇంటి నుంచి శంషాబాద్‌కు గంటా పది నిమిషాలు పడుతుంది. దేశీయ ప్రయాణాలకు చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా బయలుదేరే వేళకు గంట ముందే మూసివేస్తారు. గేటు 25 నిమిషాల ముందు మూతపడుతుంది. సామాను ఇచ్చి, భద్రతా తనిఖీ దాటి, గేటు వరకు నడవడానికి నేను గంటన్నర కేటాయిస్తాను. ఆపైన గంటా పావు విమానం, సామాను కోసం ఇరవై నిమిషాలు, అక్కడి నుంచి ఎంవీపీ కాలనీలోని అమ్మ ఇంటికి నలభై నిమిషాలు. మొత్తం దాదాపు ఐదు గంటలు, అందులో నిజంగా ఎగిరింది ఒక గంట లోపే. ఎన్ని కిలోమీటర్లని అమ్మ నన్ను ఎప్పుడూ అడగలేదు. “ఇంటికి ఎన్నింటికి వస్తావు, అన్నం ఎప్పుడు వండమంటావు?” అనే అడుగుతుంది. దానికి సరైన జవాబు టికెట్ మీద ఉన్న దిగే వేళకు ఒక గంట కలిపి చెప్పడం.

ఈ సందర్భంలో పాత సంగతి ఒకటి చెప్పాలి. 2008 మార్చి వరకు హైదరాబాద్ విమానాలన్నీ బేగంపేట నుంచే లేచేవి. బేగంపేట నుంచి విశాఖకు సరళరేఖలో 505 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి 511. గాలిలో పెరిగింది ఆరు కిలోమీటర్లు, అంటే అర నిమిషం కూడా కాదు. నేల మీద మాత్రం మా ఇంటి నుంచి పావుగంటలో చేరే విమానాశ్రయం గంటకు పైగా దూరమైంది. విశాలమైన రన్‌వే, పెద్ద టెర్మినల్, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, బాహ్యవలయ రహదారి వచ్చాయి, నిజమే. గచ్చిబౌలి వైపు ఉండేవారికి ఇప్పుడు శంషాబాద్ అనుకూలంగానే ఉంది. నగరానికి ఉత్తరాన, తూర్పున ఉన్నవారు మాత్రం విశాఖ ప్రయాణాన్ని తూచేటప్పుడు ఈ గంటను మరచిపోకూడదు.

విశాఖ విమానాశ్రయం మీద నాకున్న మంచి అభిప్రాయానికి మూల కారణం కూడా దూరమే. ఎన్ఏడీ కూడలికి చేరువలో, ఊరిలోనే ఉండటం వల్ల దిగిన గంటలో ఇంట్లో ఉండవచ్చు. రన్‌వే భారత నౌకాదళానిది; పౌర విమానాలు ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఒక భాగాన్ని వాడుకుంటున్నాయి. దాని వల్ల వేళల విషయంలో సర్దుబాట్లు తప్పవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను టెర్మినల్ పైకప్పును చీల్చి, కొన్ని రోజుల పాటు రాకపోకలను ఆపివేసిన సంగతి విశాఖవాసులెవరూ మరువలేరు. ఇప్పుడున్న ప్రాంగణం శుభ్రంగా, నడక తక్కువగా ఉంది. అమ్మను హైదరాబాద్ తీసుకువచ్చిన రెండు సార్లూ చక్రాల కుర్చీ టికెట్‌తో పాటే అడిగి పెట్టుకున్నాను. ద్వారం దగ్గరికే వచ్చి, ఆమెను “అమ్మగారూ” అని పిలుస్తూ సీటు వరకు జాగ్రత్తగా చేర్చిన యువకుడి ఓర్పును ఈ సేవలో అన్నిటికంటే మిన్నగా లెక్కిస్తాను.

అసంతృప్తి కలిగించిన అనుభవం ఒకటి రాయాలి. ఒక సాయంత్రం, అమ్మకు జ్వరమని తెలిసి బయలుదేరిన రోజున, విమానం మూడు గంటలు ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్ని ఒకేసారి చెప్పలేదు. ముందు నలభై నిమిషాలు, ఆపైన ఇంకో గంట, మళ్లీ ఇంకొంత అంటూ ముక్కలు ముక్కలుగా చెప్పారు. మొదటే చెప్పి ఉంటే రాత్రి రైలుకైనా ప్రయత్నించేవాడిని. రెండున్నర గంటల లోపు బ్లాక్ టైమ్ ఉన్న విమానం రెండు గంటలు గాని అంతకు మించి గాని ఆలస్యమైతే, వేళకు చెక్-ఇన్ చేసినవారికి ఆహారం ఇవ్వాలని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. వాతావరణం వంటి చేతిలో లేని కారణాలకు మాత్రమే మినహాయింపు. ఆ రాత్రి కౌంటర్ దగ్గర ఈ నిబంధనను గుర్తుచేసిన తరువాతే పొట్లాలు వచ్చాయి. అప్పటికి ఇద్దరు పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. అడిగినవారికే దక్కే హక్కు అడగడం తెలియనివారికి అందదు. ఆ సంస్థ దీన్ని సరిదిద్దుకోవాలని రాతపూర్వకంగా కోరాను, ఇక్కడా కోరుతున్నాను.

రైలుతో పోలిక లేకుండా ఈ సమీక్ష పూర్తికాదు. 2023 సంక్రాంతి నాడు మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ ఈ దూరాన్ని దాదాపు ఎనిమిదిన్నర గంటల్లో దాటుతుంది. మా ఇంటి నుంచి స్టేషన్ దగ్గర కనుక గుమ్మం నుంచి గుమ్మానికి తొమ్మిదిన్నర గంటలవుతుంది. విమానంతో తేడా నాలుగున్నర గంటలు. సంక్రాంతి ముందు రోజుల్లో విమాన టికెట్ ధర మామూలు రోజుల కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. నలుగురున్న కుటుంబం ఆ నాలుగున్నర గంటల కోసం అంత ఖర్చు పెట్టుకోవాలని నేను చెప్పలేను. 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ సంగతి వేరు. పన్నెండు గంటలకు పైగా పట్టినా అవి నిద్రపోయే గంటలు. సాయంత్రం ఎక్కి తెల్లవారి విశాఖలో దిగితే పగలు ఒక్క గంట కూడా పోదు. అత్యవసరం లేనప్పుడు నేను దాన్నే ఎంచుకుంటాను. ఒకే రోజులో వెళ్లి రావలసిన పని ఉన్నప్పుడు, పెద్దవారు ఎక్కువసేపు కూర్చోలేనప్పుడు, ఇంటి నుంచి కబురు వచ్చినప్పుడు మాత్రం విమానానికి ప్రత్యామ్నాయం లేదు.

విమానమే ఎక్కదలచుకున్నవారికి నా సలహా తెల్లవారుజామున బయలుదేరే మొదటి విమానం. రాత్రి నిలిచి ఉన్న విమానమే కదులుతుంది కనుక ముందు ప్రయాణాల ఆలస్యం దాని మీద పడటం తక్కువ. శంషాబాద్ దారి ఖాళీగా ఉంటుంది. నా పుస్తకంలో ఉదయపు ప్రయాణాల్లో ఒక్కటి కూడా పావుగంటకు మించి ఆలస్యం కాలేదు. సాయంత్రం ఏడు తరువాతి వాటిలో సగం అంతకు మించి ఆలస్యమయ్యాయి. విశాఖ రేఖాంశం మనకు దాదాపు 4.8 డిగ్రీలు తూర్పున ఉండటం వల్ల అక్కడ సూర్యుడు ఇక్కడికంటే సుమారు 19 నిమిషాలు ముందే ఉదయిస్తాడు. చీకట్లో లేచిన విమానం గోదావరి దాటేసరికి ఎదుట ఆకాశం ఎర్రబడి ఉంటుంది.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట రూపుదిద్దుకున్న విమానాశ్రయంతో ఈ లెక్కలు మళ్లీ రాసుకోవాలి. గాలిలో దూరం కొద్దిగా మాత్రమే పెరుగుతుంది, బ్లాక్ టైమ్‌లో మార్పు కనిపించకపోవచ్చు. అయితే భోగాపురం విశాఖ నగరం నుంచి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, విజయనగరం జిల్లాలో ఉంది. విజయనగరం, శ్రీకాకుళం వాసులకు అది ఎంతో మేలు. ఇంతకాలం విశాఖ ట్రాఫిక్ దాటి వెళ్లినవారు వారు. గాజువాక, అనకాపల్లి వైపు వెళ్లేవారికి మాత్రం ఊరంతా దాటవలసి వస్తుంది. బేగంపేట మూతపడినప్పుడు మేము పోగొట్టుకున్న గంట అక్కడివారికి రాకుండా ఉండాలంటే ఊరి దక్షిణ భాగం నుంచి భోగాపురానికి వేళ తప్పని బస్సులు, తెల్లవారుజామున మూడు గంటల నుంచీ, నడపాలి. నా పుస్తకంలో ఆ వివరాల కోసం కొత్త పేజీ ఒకటి ఖాళీగా ఉంచాను.